రెండు పొగగొట్టాల సబ్‌మెరైన్

వడ్రంగి కొట్టు. బల్ల మీద పాత సబ్‌మెరైన్ల బొమ్మల పుస్తకం. దాని ముందు వడ్రంగి, అతని బావ, మూలన చెక్కకి గరుకు కాగితం రుద్దుతూ వడ్రంగి అక్క.

“ఇదీ వద్దా? దీనికేం రోగం బావా?”

“ఫిరంగులు రెండున్నాయి కదరా.”

“యుద్ధానికెళ్లే పడవకి ఫిరంగులు కాక పూలకుండీలుంటాయా? మీ ఆఫీసు వాళ్ల బొమ్మ నౌకల యుద్ధం పోటీ అన్నావు, ఈసారి అందరిలా కాకుండా సబ్‌మెరైన్ కట్టమన్నావు. ఇంత లావు ఫిరంగులున్న సబ్‌మెరైన్ నువ్వెక్కడా చూసుండవు. నీళ్లలోంచి లేచిందంటే ఎదుటివాడి పడవకి చిల్లు ఖాయం. మీవన్నీ పలచటి చెక్క రేకులు. బఠాణీ గింజంత ఇనప గుండు చాలు.”

“అదే. తగిలితే?”

“తగలడానికేగా పెట్టేది.”

“ఇంకోటి చూపించు.”

“ఇది విమానాన్ని మోసేది. ఇదిగో, ఈ డబ్బా తలుపు తెరిస్తే చిన్న విమానం బయటికొస్తుంది. గట్టు మీద జనం కళ్లప్పగించి చూస్తారు.”

“జనం చూడకూడదురా. అంటే, చూడాలి. మరీ అంత చూడకూడదు.”

“నీకసలు ఏం కావాలి బావా? పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని వంకలు పెట్టలేదు నువ్వు.”

“అప్పుడు మీ నాన్న పక్కనే కూర్చున్నాడు.”

“ఒరే తమ్ముడూ, ఆయనకి కావలసింది మునిగే పడవరా. సిగ్గుపడి చెప్పడం లేదు.”

“నువ్వు ఆ కాగితం రుద్దుకో. మధ్యలో మాట్లాడకు.”

“మధ్యలో కాక ఏ చివర్లో మాట్లాడనండీ? ఆరేళ్ల నుంచి చెరువు గట్టున తువ్వాలు పట్టుకుని నిలబడుతున్నాను. పడవ మునిగినవాడు తనే నడుము లోతు నీళ్లలోకి దిగి తెచ్చుకోవాలని మీ రూలు. మీరు దిగుతారు, నేను తువ్వాలు అందిస్తాను. మీ ఆఫీసు వాళ్ల ఆడాళ్లు నాకు తువ్వాలావిడ అని పేరు పెట్టారు, మీకు తెలుసా?”

“తెలుసు.”

“తెలిసీ?”

“బావా, ఆరేళ్లూ నిన్ను ముంచింది మీ పెద్దసారు యుద్ధనౌకేనా?”

“అందరినీ అదే ముంచుతుంది. తొమ్మిదేళ్లయింది, ఆయన పడవకి ఒక్క చిల్లు పడలేదు.”

“అంత గురా ఆయనకి?”

“గురి ఎవడు చూశాడు? ఆయన పడవ ఎదురొస్తే చాలు, ఆఫీసంతా ఆకాశంలోకి పేలుస్తుంది. పోయినేడు ఒకడి గుండు వచ్చి ఐస్ అమ్మేవాడి డబ్బాకి తగిలింది.”

“నువ్వేం పేల్చావు?”

“నేనసలు పేల్చలేదు. పడవలో నీళ్లు తోడే పంపుని గట్టు మీంచే రిమోట్‌తో ఆపేసి కూర్చున్నాను. అదే నా పాలిట తద్దినమైంది. సోమవారం గదిలోకి పిలిచి, ‘ఏమయ్యా, నా మీద జాలిపడ్డావా’ అన్నాడు. హెడ్‌గుమాస్తా కుర్చీ ఖాళీగానైనా ఉంచాడు గానీ నాకివ్వలేదు.”

“ఈ ఏడో?”

“పోటీ అయిన వారానికి ప్రమోషన్ల లిస్టు మీద సంతకం పెడతాడు. ఆయన్ని ఓడిస్తే కుర్చీ రాదు. కావాలని ఓడినట్టు కనబడినా రాదు. కసిగా పోరాడాలి, మునగాలి, తప్పు మాత్రం నాది కాకూడదు.”

“అంటే తప్పు పడవది కావాలి.”

“ఇప్పటికి దారికొచ్చావు.”

“అలా ముందే ఏడవొచ్చుగా. ఆ మూల మడిచిన పేజీ తియ్యి. ఆఁ, అదే.”

“సబ్‌మెరైన్‌కి పొగగొట్టాలేంట్రా?”

“ఆవిరితో నడిచేది బావా. నీళ్లలోకి పోయే ముందు ఆ గొట్టాలు రెండూ పడుకోబెట్టాలి, కన్నాలకి మూతలు బిగించాలి. ఒక్క మూత సరిగా పడలేదో, చెరువు మొత్తం లోపలికే. అప్పట్లో దాంట్లో పనిచేసినవాళ్లు శత్రువుకంటే దానికే ఎక్కువ భయపడి ఉంటారు.”

“నువ్వు ఎంత బాగా కట్టినా ఇంతేనా?”

“ఎవడు కట్టినా ఇంతే.”

“అంటే నేను పోరాడుతూ పోరాడుతూ, ఆయన పడవ మీదికి పోవడానికని ఒక్కసారి మునిగి...”

“మళ్లీ లేవవు.”

“ఎంత మంచి పడవరా ఇది. ఇన్నాళ్లూ ఎక్కడ దాచావు?”

“దాచలేదు బావా. బుద్ధున్నవాడెవడూ అడగలేదు.”

“ఆ పోటీ ఫారం ఇలా తే. నౌక పేరు దగ్గర, రెండు పొగగొట్టాల సబ్‌మెరైన్. అయిపోయింది. ముద్ర పడితే ఏడాది దాకా మార్చడానికి లేదు, అదీ ఒకందుకు మంచిదే. ఏమోయ్, ఫారాలు తీసుకునే క్లబ్బు పక్క వీధేగా. ఐదు కొట్టేలోపు ఇచ్చి రా.”

“మీకు కాళ్లు లేవా?”

“పెద్దసారు అక్కడే కూర్చునుంటాడు. తొమ్మిదేళ్లుగా ఆయనది ఒకటే నౌక, ఫారం ఇంట్లోనే రాసి తెచ్చుకుంటాడు. అయినా అందరివీ చూశాకే తనది ముద్రకిస్తాడు. నా మొహం చూశాడంటే పట్టేస్తాడు. నీ మొహంలో ఏమీ తెలీదు.”

“అవును. ఇరవై ఏళ్లయినా మీకే తెలీలేదు.”

సాయంత్రం. అదే కొట్టు.

“ఇచ్చావా?”

“ఇచ్చాను. ముద్ర పడింది.”

“హమ్మయ్య. ఒరే, ఇక చెక్క కొయ్యి.”

“ఉండు బావా. అక్క మొహం ఏదో తేడాగా ఉంది. ఏది కొయ్యమంటావక్కా?”

“రెండు ఫిరంగులది.”

“ఏంటీ?”

“దారిలో ఆగి పొగగొట్టాలు కొట్టేశాను. పైన రెండు ఫిరంగులు అని రాశాను. మీ పెన్నుతోనే.”

“అది కొట్టెయ్యడం కాదే. నా కుర్చీ విరగ్గొట్టడం.”

“కుర్చీ లేకపోతే స్టూలు మీద కూర్చోండి. నేను మాత్రం ఏడోసారి తువ్వాలు పట్టను.”

“పెద్దసారు చూశాడా?”

“చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఈ కొట్టేసింది ఏంటమ్మా అన్నాడు.”

“నువ్వేం చెప్పావు?”

“ఉన్నదే చెప్పాను. అది దానంతటదే మునిగే పడవండీ, మునిగినా నడిపినవాణ్ని ఎవరూ వేలెత్తి చూపరు, మా ఆయన ముందు అదే అనుకున్నారు, ఇప్పుడు ఫిరంగులతో వస్తున్నారు, ఈసారి గురి చూసే కొడతారు అన్నాను.”

“చచ్చాను. అరిచాడా?”

“లేదు. కిటికీలోంచి చెరువు చూపించాడు. నీళ్లు చల్లగా ఉంటాయామ్మా అని అడిగాడు. దిగేది మా ఆయనండీ, నాకేం తెలుసు అన్నాను.”

“తర్వాత? తన ఫారం ఇచ్చేశాడా?”

“ఇచ్చాడు. యుద్ధనౌక కొట్టేసి, పొగగొట్టాలది రాసిచ్చాడు. తమ్ముడూ, రేపు పొద్దున్నే నీ దగ్గరికే వస్తాడట. మూతలు మరీ గట్టిగా బిగించొద్దని చెప్పమన్నాడు.”