వర్క్‌స్టేషన్ ప్రాణం తీసిన మావయ్య

మేనకోడలు అడిగింది ఒకే ఒక్క ముక్క. రోడ్డుకి అవతల వాయిద్యాల షాపులో రెండు పెట్టెలు తీయించి పెట్టి వచ్చింది. ఒకటి అరేంజర్ కీబోర్డు. ఎడం చేత్తో మూడు మెట్లు నొక్కి పట్టుకుంటే చాలు, డ్రమ్ములూ గిటారూ అన్నీ అదే వాయించేస్తుంది. రెండోదీ కీబోర్డే, దాన్ని వర్క్‌స్టేషన్ అంటారు. అందులో ప్రతిదీ మనమే కూర్చుకోవాలి. కూర్చుకోవడం వస్తే అందులో లేనిదంటూ లేదు, రాకపోతే అది ఉత్త బల్ల. "ఇదా, అదా, మావయ్యా?" అని అడిగింది. అప్పుడు టైము పదకొండు.

ఇప్పుడు పన్నెండుంపావు. ఒంటిగంటకి షాపు మూస్తే మళ్ళీ మంగళవారం గానీ తెరవరు. సోమవారం పొద్దున డాన్సు స్కూల్లో ఆమెకి కొత్త ఉద్యోగం. పిల్లలు అడుగులేస్తుంటే పక్కన కూర్చుని వాయించాలి. కీబోర్డు ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. ఉత్త చేతులతో వస్తే ఆ కుర్చీలో కూర్చోడానికి ఇంకొకావిడ సిద్ధంగా ఉందని డాన్సు టీచరు మొహమ్మీదే చెప్పింది. అసలు ఈపాటికి తనే ఏదో ఒకటి తేల్చుకునేది. కానీ ఇంట్లో అమ్మ, "మా అన్నయ్య పాతికేళ్ళు స్టేజీల మీద వాయించాడే, ఆయన్ని ఒక్క మాట అడక్కుండా కొన్నావో నేనూరుకోను" అని కూర్చుంది. ఒక్క మాటట! మావయ్య దగ్గర ఒక్క మాట దొరకడం ఎంత కష్టమో అమ్మకి తెలీక కాదు, అన్నగారంటే ప్రేమ.

నిజానికి మావయ్య బాగా వాయించేవాడు. మూడేళ్ళ కిందట ఉన్నట్టుండి వాయించడం మానేసి, చెప్పడం మొదలెట్టాడు. టీకొట్టు దగ్గర ఆయన్ని ఎకో మాస్టారంటారు. ఎవరి ఎకో అయినా పోనుపోను తగ్గుతుంది, ఈయనది పోనుపోను పెరుగుతుంది.

"ముందసలు వర్క్‌స్టేషన్ అంటే ఏమిటో తెలుసుకోవాలే అమ్మడూ," అంటూ మావయ్య టీకొట్టు బెంచీ మీద కాలు మడిచి కూర్చున్నాడు. "నేను కొన్నరోజు సాయంత్రమే ఒక ఆఫీసు వార్షికోత్సవం. దాంతోపాటు ఇంత లావు పుస్తకం ఇచ్చారు, ఇదెలా వాయించాలో చెప్పేది. నేను తెరిచానా? తెరవలేదు. స్టేజీ మీద స్టూలు పొట్టిగా ఉంటే దాని మీదేసుకుని కూర్చున్నా. మొదటి పాట వాయించా. చప్పట్లు. అంతే, పెద్ద విశేషమేం లేదు."

"మంచిది. అయితే వర్క్‌స్టేషనే కొనమంటావు," అంది మేనకోడలు లేవబోతూ.

"కూర్చోవే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండో పాటలో వాన కావాలి. ఇందులో వాన శబ్దం చిన్నది, చినుకులు. నేను ఆ చినుకు మీద చినుకు, దాని మీద ఇంకో చినుకు, అలా ముప్ఫై రెండు వరసలు పేర్చి ఒక్కసారి వదిలా. ముందు వరసలో పెద్దమనుషులు గొడుగులు విప్పారు! మూడు వీధుల్లో ఆడవాళ్ళు డాబాల మీదికి పరిగెత్తి బట్టలు తీసేసుకున్నారు."

పక్కన బండి మీద చొక్కా ఇస్త్రీ చేస్తున్నాయన తలెత్తాడు. "మా వీధి కూడానా మాస్టారూ? మేమెవరం తియ్యలేదే."

"మీవి తడిసుంటాయి, చూసుకోలేదు," అన్నాడు మావయ్య, ఏమాత్రం తడుముకోకుండా.

మేనకోడలు వాచీ చూసుకుంది. పన్నెండున్నర. ఎదురు షాపులో కీబోర్డులు బాగుచేసే మెకానిక్ చేతులు తుడుచుకుంటూ టీకి వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు. ఆయన్ని చూడగానే మావయ్యకి ఇంకాస్త ఊపొచ్చింది. మేనకోడలికి ఏడుపొచ్చింది.

"మావయ్యా, నీకు దణ్ణం పెడతాను. ఇదా, అదా?"

"అక్కడికే వస్తున్నానే! వాన అయ్యాక రైలు. వర్క్‌స్టేషన్ అన్నాక స్టేషనుండాలా వద్దా? నేను కూత ఒకటి తయారు చేశా. అది ఎంత బాగా వచ్చిందంటే, అవతల నిజం స్టేషన్లో ఆగున్న రైలు ఆ కూత విని బయల్దేరిపోయింది, డ్రైవరింకా కిందే ఉన్నాడు, పాపం టిఫిన్ చేస్తున్నాడు. ఎక్కాల్సినవాళ్ళందరూ పెట్టెలు నెత్తిన పెట్టుకుని హాల్లోకొచ్చేశారు. ఏ ప్లాట్‌ఫారమండీ అని నన్నడుగుతున్నారు. నేనేం చెప్పను? నాకు తెలిసింది నా పాట శ్రుతే, సీ మేజర్ అన్నా!"

టీకొట్టావిడ గిన్నె కలుపుతూనే, "మరి ఆ రైలేమైంది?" అంది.

"పాట అవగానే ఆగింది."

మేనకోడలు గ్లాసు బల్ల మీద టక్కున పెట్టింది. ఈయనకి కోతలు కోయడానికి కత్తి కూడా అక్కర్లేదు, వినేవాడొకడుంటే చాలు. తన ఉద్యోగం ఒంటిగంటకి మూతపడబోతోందని ఈయన బుర్రకి ఎక్కదా? చుట్టాల్ని సలహా అడగడమంటే కొరివితో తల గోక్కోవడమే.

"ఇక ఆఖరి పాట," మావయ్య గొంతు తగ్గించాడు. "అందులో ఉన్న వాయిద్యాలన్నీ, వెయ్యీ నూట ఇరవై, ఒక్కసారే మోగించా. కంపెనీ వాళ్ళు దేశం కాని దేశం నుంచి ఫోను, అయ్యా ఆపండి, ఇక్కడ మా ఫ్యాక్టరీ గోడలు ఊగుతున్నాయని. నేనాపలేదు. స్క్రీన్ మీద అక్షరాలొచ్చాయి, మాస్టారూ ఇక నా వల్ల కాదు, సెలవు అని! అంతే. దీపాలు వెలుగుతున్నాయి, స్క్రీన్ వెలుగుతోంది, ఏ మెట్టు నొక్కినా శబ్దం మాత్రం లేదు. నా వేళ్ళ ధాటికి ప్రాణం పోయింది. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నా, ఇంకో యంత్రం ఉసురు పోసుకోకూడదని. అందుకే వాయించడం మానేశా."

మెకానిక్ గ్లాసు కింద పెట్టాడు.

"మాస్టారూ, మీరు మూడేళ్ళ కిందట నా దగ్గర పడేసి వెళ్ళారే, అదేనా ఈ చనిపోయింది?"

"అదే. ఓ మూల గౌరవంగా పెట్టమన్నాగా."

"పెట్టాను, గుడ్డ కప్పి. కానీ దానికేం కాలేదండి. లోకల్ ఆఫ్‌లో ఉండిపోయింది."

"అంటే?"

"మెట్లకీ లోపలి శబ్దానికీ మధ్య ఒక స్విచ్చు లాంటిది ఉంటుందండి, లోకల్ అంటారు. కంప్యూటర్‌కి తగిలించి వాయించేవాళ్ళు దాన్ని ఆపుకుంటారు. మీరు ఏదో నొక్కబోయి దాన్ని నొక్కినట్టున్నారు. నేను ఆన్ చేశాను, పాడింది. అరనిమిషం పని."

మావయ్య మడిచిన కాలు కిందికి దించాడు. "మరి నాకు చెప్పలేదేం?"

"మూడుసార్లు ఫోన్ చేశానండి. మూడుసార్లూ 'స్టేజీ మీదున్నాను, తర్వాత' అని పెట్టేశారు."

ఇస్త్రీ ఆయన పెట్టె పక్కన పెట్టి మరీ నవ్వాడు. టీకొట్టావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గంటన్నరగా ఈయన గాలి ఎవరు తీస్తారా అని ఎదురుచూసిన మేనకోడలికి మాత్రం తీరా మావయ్య మొహం చూస్తే నవ్వు రాలేదు.

"ఎక్కడుంటుందయ్యా అది?" అన్నాడు మావయ్య.

"సెట్టింగుల్లో మూడో పేజీలోనండి."

"రెండో పేజీ దాకా వెళ్ళా నేను," అన్నాడాయన. మళ్ళీ తనే, "జనం చూస్తున్నారు. చెమటలు పోశాయి. ప్లగ్గు పీకి ఇంటికొచ్చేశా. పాతికేళ్ళు వాయించినవాణ్ణి, ఎవర్నని అడగను?" అన్నాడు.

ఇస్త్రీ ఆయన మళ్ళీ పెట్టె అందుకున్నాడు. మావయ్య మేనకోడలి వైపు తిరిగాడు.

"అమ్మడూ, అరేంజరే కొనుక్కో. టీచరు ఆపమంటే ఆగాలి, మొదలెట్టమంటే మొదలవ్వాలి. పిల్లలు ఒంటికాలి మీద నిలబడి ఉంటే నువ్వు పేజీలు తిప్పుతూ కూర్చోకూడదు. ఆ రెండోది తీరిగ్గా నేర్చుకుందువుగాని. రానిది ఉంటే అడుగు. సిగ్గుపడకు."

ఒంటిగంటకి పది నిమిషాలుంది. షాపతను అప్పుడే ఒక షట్టరు సగం దించాడు. మేనకోడలు సంచి భుజాన వేసుకుని రోడ్డు మీదికి ఒక కాలు పెట్టి, ఒళ్ళుమండి వెనక్కి తిరిగింది.

"ఈ ముక్క ఇందాకే చెప్పుంటే నీ సొమ్మేం పోయింది మావయ్యా!"

"ఇందాక నాకు తెలీదు కదే," అన్నాడు మావయ్య.