వాగులో ఇరుక్కున్న ఇనుప తాబేలు

ఏంటే ఒలెట్టా, ఆ పెన్సిలు అలా కొరుకుతున్నావు? అంతర్యుద్ధం అంటే ఏమిటో రాసుకు రమ్మందా మీ టీచరమ్మ? ఏదీ, ఆవిడ చెప్పింది చదువు. ఊఁ... ఒకే దేశంలో జరగాలి, ఒక పక్క ప్రభుత్వం ఉండాలి, అవతలివాళ్ళకీ పటాలాలుండాలి. బాగానే ఉంది, అలాగే రాసెయ్, మార్కులొస్తాయి. మా నాన్నని అడిగితే ఇంకోలా చెప్పేవాడు. అబ్నర్ అని, మీ అమ్మ పుట్టకముందే పోయాడులే. ఎడమ చెవి వినపడేది కాదు. ఫిరంగి మోతకి పోయిందనేవాళ్ళు ఊళ్ళో. ఫిరంగీ కాదు ఏమీ కాదు, గన్‌బోటులో, అదే ఫిరంగులు పెట్టిన ఆవిరి పడవలో, బాయిలర్ పక్కన రెండేళ్ళు బొగ్గు వేస్తే పోయింది.

ఆ గన్‌బోట్లలో కొన్ని కట్టింది మన మౌండ్ సిటీ రేవులోనే, తెలుసా? అడుగు బల్లపరుపు, పైన ఏటవాలుగా ఇనుప రేకులు, నీళ్ళ మీద తాబేలు తేలినట్టే ఉండేదట. పేరు కూడా అదే, తాబేళ్ళు. బయట గుండు తగిలితే టంగుమని జారిపోయేది, లోపల మనుషులు మాత్రం ఉడికిపోయేవాళ్ళు. మా నాన్న మిసిసిపీలో పత్తి తోటలో బానిస కదా, ఉత్తరాది ప్రభుత్వం బోట్లు అటొచ్చాయని తెలియగానే పారిపోయి ఎక్కేశాడు. అప్పటికి ఇరవై రెండేళ్ళు. ఏం చెప్తున్నాను? ఆ, వాగు. పెద్ద నది ఒడ్డున అవతలివాళ్ళ కోట ఉంది, అదే, మాది వేరే దేశమన్న దక్షిణాదివాళ్ళది, ఎదురుగా వెళ్తే బోట్లు పగలగొట్టేస్తున్నారు. అందుకని కెప్టెన్‌గారు వెనకనుంచి, వాగుల్లోంచి వెళ్దామన్నాడు. ఎంత వాగనుకున్నావు, బోటుకి రెండు పక్కలా కొమ్మలు గీరుకునేంత. అక్కడ కలప కొట్టినవాడు కాబట్టి మా నాన్నని పైకి పిలిచి దారి చూపమన్నారు. రెండు రోజులు బాగానే సాగింది. మూడో రోజు అవతలివాళ్ళు ముందు చెట్లు నరికి పడేశారు. సరే కోసుకుందామనుకునేలోపు వెనకా నరికారు. అంతే, ఇనుప తాబేలు ఇటూ కదల్లేదు, అటూ కదల్లేదు. పొదల్లోంచి తుపాకులు. రంపం పట్టుకుని దిగినవాళ్ళలో ఇద్దరు పోయారు.

వెనక చెట్లు కొడుతున్నవాణ్ణి ఒకణ్ణి పట్టుకొచ్చారు. వట్టి చొక్కా మీదున్నాడు, చేతిలో గొడ్డలి, వీపున తుపాకి. పటాలం కోటు ఏదిరా అంటే, ఉక్కగా ఉండి విప్పేశానన్నాడు. కెప్టెన్‌గారు చెప్పింది మా నాన్న పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు: "వీళ్ళది వేరే దేశమని మేం ఒప్పుకోం. అలాగని అందర్నీ దొంగలనీ అనలేం. పటాలంలోవాడైతే ఖైదీ. కాకపోతే చాటునుంచి చంపిన బందిపోటు. తాడు తెండి."

మా నాన్న ఆ మనిషిని చూశాడు. తోట యజమాని తెల్లదొర, ఆయన కొడుకు హొరేస్. ఇద్దరికీ పాలిచ్చింది మా నాయనమ్మ కెజాయే. ఇద్దరికీ తండ్రి కూడా ఒకడే. ఆ ఇంట్లో కుక్కపిల్లకి కూడా తెలుసు, పైకి అనేవాళ్ళు లేరు. నోరు మూసుకుంటే సరిపోయేది. అలాగే ఉందామనుకున్నాట్ట కూడా, కొమ్మకి తాడు వేసేదాకా. ఆ సంగతి దాచుకోలేదు మా నాన్న. తర్వాత, "అయ్యా, ఇతను పటాలంలోవాడే. కోటు వేసుకుని బయల్దేరిన రోజు గుర్రం పట్టుకుంది నేను" అన్నాడు.

"నీకేమవుతాడు?"

"తమ్ముడండి."

అక్కడున్నవాళ్ళు నవ్వారు. కెప్టెన్‌గారు నవ్వకుండా హొరేస్ వైపు తిరిగి నిజమేనా అని అడిగాడు.

"నాకు అన్నలెవరూ లేరు."

మెడకి తాడు పెట్టుకుని అన్నమాట అది, చూడు. కెప్టెన్‌గారు అదంతా తనకనవసరం, పటాలంవాడే అని బైబిలు మీద చెప్తావా అన్నాడు. మా నాన్న చెప్పాడు. వాళ్ళ రాష్ట్రంలో తెల్లవాడి విషయంలో అప్పట్లో మన నల్లవాళ్ళ సాక్ష్యం చెల్లేది కాదు ఒలెట్టా, ఏ కోర్టులోనూ. ఆ వాగులో చెల్లింది. ఖైదీ అని రాసుకున్నారు.

మర్నాడు మన సైన్యం నడిచొచ్చి పొదలు ఖాళీ చేయించింది. బోటు తిప్పడానికి చోటేదీ, వెనక్కి వెనక్కే నడిపించారు. ఖైదీల్ని వేరే బోటు ఎక్కిస్తుంటే హొరేస్ మా నాన్న పక్కన ఆగాడు. మొహం చూళ్ళేదు, నీళ్ళకేసి చూస్తూ అన్నాడట: "కెజాయకి జ్వరం. పత్తి కొట్టు వెనక గదిలో ఉంది. మీకు దొరక్కుండా ఆదివారం తోటలోవాళ్ళందర్నీ టెక్సస్ తోలేస్తున్నారు." అది శుక్రవారం.

తోట రేవు దారిలోనే ఉంది. కెప్టెన్‌గారు అరగంట ఇచ్చాడు. మా నాన్న వెళ్ళి వాళ్ళమ్మని వీపున వేసుకుని వచ్చేస్తున్నాడు, సగం దూరం వచ్చాక ఆవిడ నోరు విప్పి అడిగిన మొదటి మాట ఏంటనుకున్నావు? "హొరేస్ బతికున్నాడా?" అని. అక్కడే దింపేద్దామనిపించిందట. తాడు చూసినప్పుడు రాని కోపం అప్పుడొచ్చిందట.

ఆ హొరేస్ తర్వాత ఉత్తరం రాసిందీ లేదు, వచ్చిందీ లేదు. మా నాయనమ్మ మాత్రం ఈ ఇంట్లోనే ఉండి పదహారేళ్ళు రోజూ భోజనం ముందు ప్రార్థనలో ఇద్దరి పేర్లూ చెప్పేది. రెండో పేరు వచ్చేసరికి మా నాన్న కుర్చీ జరుపుకుని పెరట్లోకి వెళ్ళిపోయేవాడు. మేం పిల్లలం కళ్ళు మూసుకునే వినేవాళ్ళం, ఆ కుర్చీ చప్పుడు. ఆవిడ్ని పూడ్చిపెట్టి వచ్చిన సాయంత్రం ప్రార్థన మా అమ్మ చేసింది. అబ్నర్ అంది. ఆగింది. అనాలో వద్దో తెలీక మా నాన్నకేసి చూసింది. మా నాన్న లేవలేదు. గిన్నెలోకి చూస్తూ, "హొరేస్" అన్నాడు.

...

ఆ, రాసుకో రాసుకో. టీచరమ్మ చెప్పినట్టే రాయి. పొయ్యిమీద చిక్కుడుగింజలు అడుగంటుతున్నట్టున్నాయి, కాస్త నీళ్ళు పోసిరా.