చదివింపుల లింకులు

ముడిమ్యాలలో గులాబీ తోట షెడ్డు. తండ్రి పూలకట్టలు కడుతున్నాడు. బిడ్డ ఫోను పట్టుకొని ఎదురుగా నిలబడింది.

“బాపూ, గూగుల్‌ల మన తోట కనిపిస్తలేదు. పెండ్లిళ్ల సీజనొచ్చె, పట్నం ఆర్డర్లు ఎట్లొస్తయి?”

“ఫికర్ చేయకు బిడ్డా. మన పూల వాసనకు శంషాబాద్‌ల దిగే విమానమే ఇటు మళ్లింది, ఆర్డర్లు రావా?”

“పరాచికాలొద్దు. వేరేటోళ్ల వెబ్‌సైట్లల్ల మన లింకుంటే గూగుల్‌ల మన పేరు పైకొస్తదని చెప్పిన. పూలు కొన్నోళ్లను అడగమన్న. నువ్వెవల్ని అడిగినవ్?”

“చుట్టాలనే. మోకిలల మీ మేనమామ బోరు మోటర్ల దుకాణం, మీ అత్త చికెన్ సెంటరు, అందరూ వాళ్ల సైట్లల్ల మన లింకు పెట్టిండ్రు. వాళ్లయి మన సైట్ల నేను పెట్టిన. పెండ్లిల కట్నాలు చదివిచ్చుకున్నట్టు.”

“అందరూ ఒక్కనాడే, ఒక్క తీరుగనే పెట్టిండ్రు! కోళ్లు కోసేటోళ్లకు గులాబీలతోని ఏం పని? దొంగ లింకులని గూగుల్ మనల్ని కిందికి నూకింది. అన్నీ తీపియ్యాలె.”

“చదివిచ్చిన కట్నం వాపస్ ఇస్తమా? మీ మామ మల్ల మన గడప తొక్కుతడా?”

“తియ్యకుంటే ఈ పూలన్నీ పెంటకుప్పల పోసుడే బాపూ.”

తండ్రి దారం పక్కన పెట్టాడు. బిడ్డ మేనమామకు ఫోన్ చేస్తూ బయటికి నడిచాడు. చాలాసేపటికి తిరిగొచ్చాడు.

“ఏమన్నడు? కోపం చేసిండా?”

“వాళ్ల దుకాణం గూడ కనిపిస్తలేదంట. మన సైట్ల ఉన్న వాళ్ల లింకు తియ్యమని అడుగనీకె మొకం చెల్లక, నాకు ఫోన్ చేసుడే బంద్ చేసిండంట.”