రింగుల భాష

సైకిళ్ళకి గాలికొట్టే గాలిబావకి ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర ఒళ్ళు మండింది. దర్జీ ఊరుకోకుండా, "నీ ప్రాణస్నేహితుడు దేశం దాటి ఇంతకాలమైంది, ఒక్క మాటన్నా మాట్లాడాడా? నిన్ను మర్చిపోయుంటాడులే" అనేశాడు. బావ ఏమన్నా పడతాడు గానీ ఆ మాట పడడు.

"మర్చిపోవడమా! మాకసలు మాటలతో పనేంటయ్యా? వాడు వెళ్ళేరోజే అనుకున్నాం. ఫోనెత్తితే దండగ ఖర్చు, ఎత్తొద్దు, రింగులతోనే కబుర్లు అని. ఒక్క రింగంటే బాగున్నానని. రెండంటే గుర్తొచ్చావని. వాడక్కడ లిఫ్టులు బాగుచేస్తాడా, ఓసారి మూడు రింగులొచ్చాయి. లిఫ్టు ఆగిందని నాకు అర్థమైపోయింది. తిరిగి నాలుగిచ్చా, మర ఎడమకి తిప్పమని. కదిలింది!"

"బాగానే ఉంది," అంది టీకొట్టక్క గ్లాసులు కడుగుతూ.

"అప్పుడేనా అక్కా! మరుసటి వారం నలభై అంతస్తుల మేడ పక్కకి ఒరిగిపోయింది. ఇంజనీర్లంతా నెత్తిన చేతులు పెట్టుకున్నారు. వీడు నాకు గబగబా రింగులు కొట్టాడు. నేను ఒక చేత్తో ట్యూబుకి అతుకేస్తూ రెండో చేత్తో రింగులిస్తున్నా... లిఫ్టు పైకి లాగు, కిందకి దింపు, కాస్త కుడికి నెట్టు... మేడ లేచి నిలబడింది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? లేపడంలో చెయ్యి జోరై రెండంతస్తులు ఎక్కువొచ్చాయి. పారేసుకుంటారా మరి? అద్దెకిచ్చుకున్నారు!"

"ఆహా! పైఅంతస్తుకి నీ పేరు పెట్టలేదా?" అన్నాడు దర్జీ.

"పెడతామన్నారు. నేనే వద్దన్నా, మొహమాటం."

ఇంతలో బావ జేబులో ఫోన్ మోగింది. తీసి బల్లమీద పెట్టి, కళ్ళు మూసుకుని వేళ్ళు మడవడం మొదలెట్టాడు.

"వాడే కదా, ఎత్తవేం?" అంది అక్క.

"ష్... లెక్క తప్పుతుంది!" ఫోన్ మోగి మోగి ఆగింది. బావ నిట్టూర్చాడు. "రోజూ ఇంతే, ఇంత పొడుగు కబుర్లు. అక్కడి సముద్రం ఉబ్బిందట. గాలి తియ్యమంటున్నారు."

మళ్ళీ మోగింది. బావ వేళ్ళు చాపేలోపే దర్జీ ఫోన్ లాక్కుని స్పీకరు నొక్కాడు.

"ఒరేయ్ గాలీ! ఉన్నావా పోయావా? రోజూ చేస్తుంటే ఎత్తవేంరా! కోపమొచ్చిందేమోనని కుమిలిపోతున్నా. ఫోన్లో మాటలకి ఖర్చు లేకుండా పోయి ఎన్నాళ్ళైందో తెలుసా నీకు?"

"బావ పక్కనే ఉన్నాడు బాబూ," అన్నాడు దర్జీ. "ముందిది చెప్పు, మీ మేడ నిటారుగా ఉందా?"

"ఏ మేడ? లిఫ్టుల పని ఎప్పుడో మానేశా. రొట్టెల బట్టీలో చేస్తున్నా."

అక్క నవ్వలేక పొట్ట పట్టుకుంది. బావకి మాత్రం నవ్వు రాలేదు. వాడు మాట్లాడాలని ఇన్నాళ్ళూ మోగిస్తుంటే, తను వేళ్ళు మడుచుకుంటూ కూర్చున్నాడు! సిగ్గూ ఏడుపూ కలిసొచ్చాయి. ఫోన్ రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఏదన్నా చెప్పరా," అన్నాడు అవతలివాడు గొంతు తగ్గించి. "ఇక్కడందరూ నిజాలే చెప్తార్రా. విసుగొచ్చి చస్తున్నా."

బావ చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. దర్జీ మోచేత్తో పొడిచాడు. "కానీ బావా, మా పరువు పోతోంది."

"మొన్న..." బావ గొంతు సవరించుకున్నాడు. "మొన్న ఓ విమానానికి పంక్చరైందిరా. రెక్క పట్టుకుని మన కొట్టుదాకా నడిపించుకొచ్చారు..."

అవతలివాడు అప్పటికే నవ్వుతున్నాడు.