జీలుగ వేర్ల గడ్డలు

"బాపమ్మా, కుండీ మారుద్దామని చిక్కుడు మొక్క తీసిన. వేర్లకు ఏందో గడ్డలున్నయ్. రోగమా? బయట పడేయనా?"

ఆగాగు! పడేయకు. ఇటు దే. నా కండ్లద్దాలు ఏడ పెట్టిన్నో... ఆఁ, నెత్తి మీదనే ఉన్నయ్. గివి రోగం గాదే పిచ్చిదానా. గీ గడ్డలు సూసి బెదిరే, ఒకప్పుడు నేనొక సంసారాన్ని ఇల్లిడిపించినంత పని చేసిన. నవ్వకు, నిజం. ఆ వేర్ల మీద తడిగుడ్డ కప్పి కూసో, చెప్త.

గిప్పుడు ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాక ఒక్క జాగ ఖాళీ లేదు గని, అప్పుడు యాడ సూసినా చెల్కలే. గా దిల్‌సుఖ్‌నగర్ అవతల మాకు కౌలుకు నాలుగు మళ్ళుండె. మీ తాత బస్సు డ్యూటీకి పోతుండె, నేను మా అత్త ఆకుకూర పెంచి సైదాబాద్‌ల అమ్ముతుంటిమి. తోటకూర కట్ట ఐదు పైసలు. నువ్వు ఫోన్‌ల తెప్పిస్తవు గద, నాలుగు కాడలకు ఇరవై రూపాయలు, అవి గుడ వాడిపోయి... సరే, ఏడున్న? ఆఁ, మళ్ళు.

అరవై తొమ్మిది అది. తెలంగాణ కావాలని గొడవలు. ఇయ్యాల బందు, రేపు బందు. బస్సుల్లేవు, బడుల్లేవు. యూరియా దొరకలే, పెంటబండి రాలే. మా అత్త ఒకటే పరేషాన్. మా పక్కింట్ల సుబ్బాయమ్మ గారని ఉండె, గుంటూరు దిక్కు మనిషి. ఆమె పెనిమిటి బడిల సైన్సు సారు. ఆమె మాట తీరే వేరు. "ఎరువు లేదని బెంగెందుకండీ వదినగారూ? జీలుగ చల్లండి. పూతకొచ్చాక దున్నేయండి, అదే ఎరువు" అని ఒక సంచెడు విత్తులిచ్చింది. ఊరికెనే ఇచ్చింది బిడ్డా, పైస ముట్టలే.

తొలకరికి చల్లినం. నడుమెత్తు లేసింది. నాకప్పుడు పెండ్లయి నిండ యాడాది గుడ గాలే. ఒకనాడు అత్త సైదాబాద్ పోయింది. నేను ఊకుండక ఒక మొక్క పీకి సూస్తి. వేరు నిండ గడ్డలు! రోగమే అనుకున్న. ఎందుకంటే మా తల్లిగారింట్ల, నల్లగొండ దిక్కు, వంకాయ తోటకు వేర్లకు గడ్డలొచ్చి తోటంత సచ్చింది. గడ్డ కనవడితే పీకి దూరం పారెయ్యాలె, లేకుంటే పక్క మడికి అంటుకుంటదని మా అమ్మ చెప్తుండె. వాన పడ్డ నేలాయె, పట్టంగనే ఊడొస్తుండె. పొద్దుగూకేదాక రెండు మళ్ళు పీకి పాడుబాయిల పడేసిన. అత్త మెచ్చుకుంటదనుకున్న సూడు, ఏమన్న తెలివా నాది!

అత్త ఒచ్చింది, సూసింది. నేను నోరు తెరిసేలోపట్నే "ఎవడు పీకిండు నా జీలుగ?" అని అరిసింది. ఆ అరుపుకు నా నోరు మూతపడ్డది. మా అత్త మంచిదే, గని కోపమొస్తే... అచ్చం నీ లెక్కనే. సుబ్బాయమ్మ గారింటి ముందట బర్రె కట్టేసి ఉండె. ఇంకేంది. "ఇత్తులిచ్చినట్టే ఇచ్చి బర్రెకు పీక్కపోయిన్రు, ఆంధ్రోళ్ళ బుద్ధి గింతే" అన్నది. వేరే దినాలైతే గది ఆడోళ్ళ లొల్లి, ఒక పూటకు సల్లారేది. ఆ దినాలు అట్లాంటియి గావు. నలుగురు జమైన్రు. ఎవడో "మూట సర్దుకోన్రి" అన్నడు. సారు తలుపేసుకున్నడు. తెల్లారి తెలిసింది, ఆదివారం వాళ్ళు గుంటూరు ఎల్లిపోతున్నరని.

మూడు దినాలు నాకు బువ్వ సయించలే. చెప్తే అత్త ఏం చేస్తదో అని భయం. చెప్పకుంటే వాళ్ళు పోతరు. ఆదివారం పొద్దుగాల ప్రార్థనకు మోకాళ్ళేసిన. పక్కింట్ల ట్రంకుపెట్టె గుంజుతున్న సప్పుడు ఇనొస్తుంది. లేసి పోయి చెప్పేసిన. "అత్తా, నేనే పీకిన, రోగమనుకోని." కొడ్తదనుకున్న. కొట్టలే. నా రెక్క పట్టుకొని "నడు, ఆళ్ళకు చెప్పు" అన్నది.

మడిల మిగిలిన మొక్క ఒకటి వేర్లతోని పట్టుకపోయి సారుకు సూపిచ్చిన. ఆయన ఒక గడ్డను గోరుతోని గిల్లిండు. లోపట ఎర్రగ, రక్తం లెక్క! "ఇది జబ్బు కాదమ్మాయ్. ఇందులో కంటికి కనపడని సూక్ష్మజీవులుంటాయి. గాలి నిండా నత్రజని ఉన్నా మొక్క దాన్ని అందుకోలేదు. ఇవి పట్టిస్తాయి. బదులుగా మొక్క వీటికి ఇల్లిచ్చి తీపి పెడుతుంది. దున్నేస్తే, మట్టిలో ఇంకో రకంవి ఆకును కుళ్ళబెట్టి వచ్చే పంటకు అందిస్తాయి. ఆ కూర మనం తింటాం, గడ్డి గేదె తింటుంది, పేడ మళ్ళీ మట్టికే. కొంత నత్రజనిని తిరిగి గాల్లోకి వదిలేసేవీ ఉన్నాయి" అని, ఆ ట్రంకుపెట్టె మీదనే కూసోని, బడిల చెప్పినట్టు చెప్పిండు. బడి బందై ఎన్నాళ్ళాయెనో, పాపం, చెప్పబుద్ధై ఉన్నడు.

అప్పుడు మా అత్త అన్నది, "సారూ, తప్పు నాది. నోరు జారిన. పోకున్రి." ఆమె ఇంకెవ్వరికి గట్ల అనంగ నేను సూడలే. సుబ్బాయమ్మ గారు కొంగుతోని కండ్లద్దుకొని ఏమన్నదో ఎరుకేనా? "ముందు ఆ మిగిలిన రెండు మళ్ళూ దున్నించండి వదినగారూ, ముదిరితే పీచు కట్టేస్తుంది" అన్నది. గంతే. పెట్టె మళ్ళ లోపటికి పోయింది.

ఆ ఏడు దున్నిన మళ్ళల్ల పాలకూర నల్లగ నిగనిగలాడింది. నేను పీకిన మళ్ళల్ల పసుప్పచ్చగ, పానం లేనట్టు. నడుమ గీత గీసినట్టు కనవడేది, దారిన పోయేటోళ్ళంత అడిగేది. మంచి మడిల మొదటి కట్ట మా అత్త సుబ్బాయమ్మ గారికి పంపేది. ఆ పసుపు ఆకు నాకు వండి పెట్టేది. నెల దినాలు తిన్న, కిక్కురుమనలే!

పట్టు ఇగ. ఒక్క గడ్డ గిల్లి సూడు... ఎర్రగున్నదా? ఆఁ, మరి! మళ్ళ మట్టిల పెట్టు, వేరు తెగకుంట. జర నీళ్ళు పొయ్యి. సల్లగుండు బిడ్డా. నీ పక్కింటోళ్ళు గుడ సల్లగుండాలె...