సముద్రానికి ఇస్త్రీ

ఇస్త్రీ బాబాయి మాట మొదలుపెట్టాడంటే బొగ్గులు చల్లారేదాకా ఆపడని ఆ వీధిలో అందరికీ తెలుసు. డ్రైవరుగారి అమ్మాయికీ తెలుసు. అయినా ఆ మధ్యాహ్నం నాన్న తెల్లచొక్కా పట్టుకుని అతని బల్ల దగ్గరికే పరిగెత్తింది. నాన్నకి మూడింటికి ఇంటర్వ్యూ. బస్సుల కంపెనీ మూతపడ్డాక ఇన్నాళ్ళకి వచ్చిన మొదటి పిలుపు. ఉన్న మంచి చొక్కా అదొక్కటే.

"బాబాయ్, కొంచెం తొందరగా చేసిపెట్టవా."

"చిటికెలో చేస్తా. నీకిప్పుడెన్నేళ్ళే?"

"పదహారు."

అంతే, దొరికిపోయింది. పక్కనే కుట్టుమిషన్ తొక్కుతున్న బాబాయి చెల్లెలు, టైలరత్త, "అయిపోయావే పిల్లా" అని నవ్వింది. ఎదురు కొట్టు సైకిల్ మెకానిక్ టీ గ్లాసుతో సహా వచ్చి మెట్టు మీద సర్దుకుని కూర్చున్నాడు.

"సరిగ్గా నీ వయసులోనేనమ్మా నా చేతుల సంగతి నాకు తెలిసింది," అంటూ బాబాయి చొక్కా మీద నీళ్ళు చిలకరించాడు. "బడికి వేళయింది, నా చొక్కా చూస్తే నలిపి పారేసిన కాగితంలా ఉంది. ఏం చెయ్యాలో తోచక ఇలా అరచేత్తో ఒక్కసారి రాశాను. ఒక్కసారే! మడతలు ఎటు పోయాయో పోయాయి."

"జ్వరమేమో అన్నా, ఒళ్ళు కాలి ఉంటుంది," అన్నాడు మెకానిక్.

"నేనూ అదే అనుకున్నారా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చల్లారిన టీలో వేలు పెడితే బుడబుడా పొంగింది. వంకరపోయిన సైకిల్ రిమ్ముని నిమిరితే చందమామలా గుండ్రంగా వచ్చేసింది."

"మరి నా కొట్లో ఒక్క రిమ్ముకైనా సాయం పట్టలేదేం?"

"నువ్వడిగావా ఎప్పుడైనా? విను. మా నాయనమ్మ తలనొప్పిగా ఉంది, నుదురు పట్టరా అంది. పట్టాను. ముడతలు మాయం. హాయిగా ఉందిరా, బుగ్గలు కూడా అంది. సాయంత్రానికి ఇరవయ్యేళ్ళ పిల్లయి కూర్చుంది. మా తాతయ్య ఇంటికొచ్చి, 'ఎవరమ్మా నువ్వు, ఎవరి తాలూకు?' అని గుమ్మం బయటే నిలబడిపోయాడు. పాపం, సొంతింట్లోకి రావడానికి మొహమాటపడ్డాడు!"

"నాకు తెలిసిన నాయనమ్మకి చివరిదాకా ముడతలే," అంది టైలరత్త, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"తాతయ్య బతిమాలితే నేనే మళ్ళీ నలిపి పెట్టానే!"

అమ్మాయి నవ్వింది. నవ్వుతూనే గోడ గడియారం వంక చూసింది. ఇస్త్రీపెట్టె చొక్కా చేతుల మీద చకచకా నడుస్తోంది. ఫరవాలేదు, అందేలాగే ఉంది.

"ఈ శక్తి నా ఒక్కడికే కాదమ్మా, దీనికీ వచ్చింది," బాబాయి గడ్డంతో చెల్లెల్ని చూపించాడు. "అప్పటికి దీనికి పద్నాలుగు. కళ్ళు మూసుకుంటే చాలు, నోరులేనివాటి మాటలు వినపడేవి. గోడలు, రాళ్ళు, నీళ్ళు..."

"ఇప్పుడూ వినపడుతున్నాయి. నీ పెట్టె ఏమంటోందో చెప్పనా? 'ఈయన నోరు మూస్తే నా పని నేను చూసుకుంటాను' అంటోంది."

"వెటకారానికేంలే. ఒకరోజు తెల్లారుజామున ఇది లేచి ఒకటే ఏడుపు. 'అన్నయ్యా, సముద్రం పళ్ళు నూరుతోంది, ఊరి మీదికి వచ్చేస్తానంటోంది' అని. ఇద్దరం పరిగెత్తాం. వెళ్ళి చూద్దుం కదా, నల్లటి దుప్పటిని ఎవరో రెండు చేతులా ఎత్తి దులుపుతున్నట్టు అల! మూడంతస్తుల మేడంత! దాని అంచున పడవలు ఆరేసిన గుడ్డల్లా వేలాడుతున్నాయి. ఊరంతా నిద్రలో ఉంది. నాకు భయమేసింది, అబద్ధమెందుకు. పారిపోదామే అన్నాను. 'మరి అమ్మ?' అంది ఇది."

మిషన్ చప్పుడు ఆగింది.

"మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులూ నీళ్ళకి ఆనించాను. సర్రుమని ఆవిరి లేచింది. ఆ అల ఉంది చూశావూ, నా చేతి కింద పక్కదుప్పటిలా మెల్లగా సర్దుకుంది. దాని వెనకది, ఆ వెనకది. సాపు చేసుకుంటూ నీళ్ళ మీదే నడిచాను. ఎంతదూరం నడిచానో నాకే తెలీదు. వెనక్కి తిరిగి చూస్తే..." బాబాయి గొంతు తగ్గిపోయింది. "ఒక్క మడత లేదమ్మా. ఆకాశం అంచుదాకా అద్దం. లోపల చేపలు ఎక్కడివక్కడ ఆగిపోయి నన్నే చూస్తున్నాయి. చుక్కలు పైన ఎన్నో, నా కాళ్ళ కింద అన్ని. ఇది వంగి నీళ్ళకి చెవి ఆనించింది. ఏమంటోందే అన్నాను. 'ఏమీ అనట్లేదన్నయ్యా, నిద్రపోయింది' అంది."

మెకానిక్ చేతిలో టీ మీగడ కట్టింది. అమ్మాయి తనకు తెలియకుండానే తన అరచేతుల వంక చూసుకుంది. ఎడమచెయ్యి గాల్లో చాచి, బాబాయి ఆ సముద్రాన్ని ఇంకా చూస్తున్నట్టే ఉన్నాడు. కుడిచెయ్యి పెట్టె మీద ఉంది. కదలడం లేదు.

ముందుగా వాసన తగిలింది టైలరత్తకే. "అన్నయ్యా, చొక్కా!"

పెట్టె ఎత్తేసరికి వీపు మధ్యలో గోధుమరంగు మచ్చ, పెట్టె ఆకారమంతా అచ్చుగుద్దినట్టు. అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాన్న మూడింటికి వెళ్ళాలి బాబాయ్," అంది.

"సముద్రాన్నే సాపు చేసినవాడివి, ఈ మచ్చ రాసెయ్యన్నా," అన్నాడు మెకానిక్. ఎవరూ నవ్వలేదు.

బాబాయి లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టె తెరిచాడు. మేనకోడలి పెళ్ళికి వేసుకోమని టైలరత్త తనకి కుట్టిపెట్టిన తెల్లచొక్కా, ఒంటి మీద ఇంకా వెయ్యనిది, తెచ్చి బల్ల మీద పరిచాడు. నోరు విప్పలేదు. కాలరు, భుజాలు, గుండీల సందుల్లో పెట్టె మొన. అమ్మాయి అంతవరకూ అతని నోరే చూసింది. ఇప్పుడు చేతులు చూసింది. ఆ చేతి కింద మడతలు నిజంగానే ఎటో పోతున్నాయి. టైలరత్త చొక్కా అందుకుని, నాన్న కొలతకి దాని చేతుల్ని రెండు వేళ్ళంత లోపలికి మడిచి కుట్టేసింది.

"మీ నాన్నని నన్ను తిట్టుకోవద్దనమ్మా," అన్నాడు బాబాయి. అతని నోట అంత చిన్నమాట ఆ వీధి ఎప్పుడూ వినలేదు.

మర్నాడు అమ్మాయి ఆ చొక్కా ఉతికి తెచ్చేసరికి బల్ల చుట్టూ నలుగురు చేరి ఉన్నారు. బాబాయి గొంతు వీధి మొదట్లోకే వినపడుతోంది.

"... మచ్చ అంటారేంట్రా, అది నా చేతి ముద్ర! ఇక రెండో చొక్కా సంగతి వినండి. అది తొడుక్కుని డ్రైవరుగారు గదిలో అడుగుపెట్టగానే మేనేజరు లేచి నిలబడ్డాడు! ఒక బస్సేం ఖర్మ, బస్సులన్నీ మీవే, తాళాలు పట్టండి అన్నాడు!"

"బాబాయ్, పెట్టె కింద చొక్కా!" అని అరిచింది అమ్మాయి వెనకనుంచి.

బాబాయి ఎగిరిపడి రెండు చేతులా పెట్టె పైకెత్తాడు. కింద పాత కంబళి తప్ప ఏమీ లేదు. టైలరత్త పగలబడి నవ్వింది.

"మేనేజరు లేవలేదు బాబాయ్," అంది అమ్మాయి, చొక్కా అతని చేతిలో పెడుతూ. "కూర్చునే ఇచ్చాడు ఉద్యోగం."