ఒక్క బటన్

టీవీలో బేస్‌బాల్ వీడియో గేమ్ ఆగి ఉంది. బ్యాటు ఎలా తిప్పాలో ఎంచుకోమంటోంది. సోఫాలో దిండ్ల మధ్య అక్క, ఆమె కాళ్ల దగ్గర నేల మీద తమ్ముడు.

“జాయ్‌స్టిక్ వద్దులే అక్కా. దాంతో అయితే బంతి ఎటొస్తే అటు తిప్పాలి. ఈ మూడోది పెడతా, బంతి దగ్గరికి రాగానే బటన్ నొక్కితే చాలు.”

“పోయిన నెల జాయ్‌స్టిక్‌తోనే కదరా నిన్ను చిత్తు చేశాను!”

“అది పోయిన నెల.”

“ఈ మూడోది చిన్నపిల్లలది. నీకు పాలపళ్లు ఊడే వయసులో నేనే పెట్టిచ్చాను.”

“అవును, రోజూ నేనే గెలిచేవాణ్ణి.”

“గెలవవూ మరి? మెల్లగా విసిరేదాన్ని.”

“ఇన్నేళ్లకా చెప్పడం!”

“నువ్వు మాత్రం నాకు ఆ పని చెయ్యకు. నిన్న చేశావు, కనిపెట్టాను. నా మీద జాలి ఒలకబొయ్యకు.”

“పొద్దున డాక్టరుగారు ఏమన్నారు?”

“బంతి విసురు.”

“విసురుతున్నా. గట్టిగానే... అయ్యో, వెళ్లిపోయింది. చూడలేదా?”

“చూశాను.”

“మరి నొక్కలేదేం?”

“వేలికి అప్పుడే చెప్పాను రా. అది ఇప్పుడు కదిలింది.”